మన పనివాళ్ల డైరెక్టరీకి ఏ సీఎంఎస్ ఎంచుకున్నాం, ఎందుకు?

(ఆదివాసీ దినోత్సవ యువజన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆగస్టు 9న మన సభల్లో భూమి గురించి, చదువు గురించి, భాష గురించి మాట్లాడతారు. మాకు మాత్రం వెబ్‌సైటు గురించి చెప్పమన్నారు. కొంచెం పొడిగా అనిపించే విషయమే. అయినా కాసేపు వినండి, ఎందుకంటే ఇందులో మేము ఒకసారి బాగా దెబ్బతిన్నాం. ఆ దెబ్బ మీకు తగలకూడదు.

మన ఉట్నూరు, ఇంద్రవెల్లి, నార్నూరు, జైనూరు ప్రాంతంలో ఎవరు ఏ పని చేస్తారో బయటివాళ్లకే కాదు, పక్క మండలం మనవాళ్లకే తెలియదు. డోక్రా కావాలంటే ఉషేగావ్ పోవాలని కొందరికి తెలుసు. 2018లో ఆదిలాబాద్ డోక్రాకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ పోత పోసే ఓజ కుటుంబంతో నేరుగా మాట్లాడాలంటే ఏ నంబరుకు చేయాలి? పెండ్లికి పెప్రె, డోలు వాయించే ప్రధాన్, తోటి కళాకారులు కావాలంటే ఎవరిని అడగాలి? వెదురు బుట్టలల్లే కొలాం గూడెం ఏది? ఇప్పపువ్వు లడ్డూ చేసే మహిళా సంఘం ఏది? బోరు మోటారు బాగుచేసే తమ్ముడు, టెంట్‌హౌస్ పెట్టిన అన్న, టైలరింగ్ చేసే చెల్లె, బొలెరో నడిపే మామ, వీళ్లందరి వివరాలు ఒకచోట ఉంటే బాగుంటుందని సంఘంలో అనుకున్నాం. నాగోబా జాతరకు కెస్లాపూర్ వచ్చేవాళ్లకైనా, జోడేఘాట్ చూడ్డానికి వచ్చేవాళ్లకైనా పనికొస్తుంది, ఆ డబ్బు మధ్యవర్తికి కాక మనవాళ్లకే చేరుతుంది అనుకున్నాం.

మొదటిసారి ఏం చేశామో చెప్తాం. ఊళ్ల వెంట తిరిగి నోటుబుక్కుల్లో పేర్లు, నంబర్లు రాసుకొచ్చాం. పట్నంలో పనిచేసే ఒకతనికి ఇస్తే సొంతంగా కోడ్ రాసి సైటు చేసి ఇచ్చాడు. చూడ్డానికి చక్కగా ఉంది. సభ పెట్టి ప్రారంభించాం, ఫొటోలు దిగాం. ఆ తరువాత ఎవరి నంబరైనా మారితే ఆయనకు ఫోన్ చేసి చెప్పాలి. మొదట్లో అదే రోజు మార్చేవాడు, తరువాత వారానికి, తరువాత ఫోన్ ఎత్తలేదు. ఆయనకు వేరే ఉద్యోగం వచ్చింది, తప్పు పట్టలేం. రెండేళ్లకు ఒకరోజు సైటు తెరుచుకోలేదు. డొమైన్ ఆయన పేరు మీద ఉంది. హోస్టింగ్ డబ్బు ఆయన కార్డు నుంచి కట్ అయ్యేది, కార్డు మారింది. లోపలున్న సమాచారం ఏ రూపంలో ఉందో, ఎక్కడుందో మాకు తెలియదు. సైటులో ఎక్కించాం కదా అని నోటుబుక్కులను కూడా సరిగ్గా దాచుకోలేదు. వెతికితే రెండు దొరికాయి. ఒకటి వానకు తడిసింది.

ఇప్ప లడ్డూ చేసే ఒక అక్క మాకు సంతలో కనబడ్డ ప్రతిసారీ అడిగేది: "నా పేరు ఇంకా కంప్యూటర్‌ల ఉన్నదా బిడ్డా?" చాలా రోజులు ఉందనే చెప్పాం. సిగ్గుతో.

రెండోసారి మొదలుపెట్టినప్పుడు సీఎంఎస్ అనే మాట విన్నాం. కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్. పెద్ద పేరే గానీ సంగతి చిన్నది. కోడ్ రాని మనిషి ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఒక ఫారం నింపి బటన్ నొక్కితే, అది దానంతట అదే పేజీగా మారి సైటులో కనబడేలా చేసే సాఫ్ట్‌వేర్. నంబరు మారితే ఫారం తెరిచి నంబరు మార్చాలి, అంతే. పట్నం ఫోన్ చేయనక్కరలేదు. మొదటిసారి మాకు లేనిది ఇదే.

ఏ సీఎంఎస్ మంచిదని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో పేరు చెప్పారు. ఎవరికి ఏది వచ్చో అదే మంచిదన్నారు. దాంతో మేము ప్రశ్న మార్చుకున్నాం. ఇప్పుడు సైటు కట్టే మేము నలుగురం మూడేళ్ల తరువాత ఇక్కడ ఉంటామో లేదో తెలియదు. ఒకరికి టీచర్ ఉద్యోగం రావచ్చు, ఒకరికి పెండ్లై వేరే ఊరు పోవచ్చు. మేము లేని ఏడు, డిగ్రీ రెండో సంవత్సరం చదివే ఒక చెల్లె దాన్ని తెరిచి నంబరు మార్చగలదా? మార్చలేకపోతే ఎంత గొప్ప సాఫ్ట్‌వేరైనా మనకు పనికిరాదు. ఇంకో ప్రశ్న కూడా రాసుకున్నాం: దీన్ని వదిలేసి పోవాల్సివస్తే మన సమాచారం మొత్తం మన చేతికొస్తుందా?

ఏ సాఫ్ట్‌వేరూ చూడకముందే ఒక చార్టు మీద ఫారం గీశాం. ఈ పని చాలామంది చేయరు, మేమూ మొదటిసారి చేయలేదు. గీస్తుంటే మనకు ఏం కావాలో తెలిసింది. డైరెక్టరీ కోసం తయారుగా దొరికే ప్లగిన్లను తెరిస్తే మొదటి గడిలోనే వీధి పేరు, ఇంటి నంబరు అడుగుతాయి. తరువాత సోమవారం నుంచి శనివారం దాకా ఏ టైముకు తెరుస్తారు, ఏ టైముకు మూస్తారు అని. మన గూడెంలో వీధికి పేరెక్కడిది? బుట్టలల్లే అవ్వ ఎన్ని గంటలకు తెరుస్తుంది? మనకు కావాల్సిన గడులు వేరు. గూడెం పేరు, పంచాయతీ, మండలం. ఏ సంతకు వస్తారు. ఏ నెలల్లో పని దొరుకుతుంది, ఎందుకంటే ఇప్పపువ్వు రాలేది ఎండాకాలం మొదట్లో, దండారి సమయంలో గుస్సాడీ కళాకారులకు తీరిక ఉండదు. ఏ భాషల్లో మాట్లాడతారు: గోండి, కొలామి, తెలుగు, మరాఠీ, హిందీ. ఇంట్లో సిగ్నల్ ఉంటుందా, ఉండకపోతే ఎవరికి చెబితే కబురు అందుతుంది. ఈ చివరి గడి ఏ ప్లగిన్‌లోనూ ఉండదు. మన దగ్గర అన్నిటికన్నా ముఖ్యమైంది అదే.

కాబట్టి మనకు తయారుగా ఉన్న ఫారం కాదు, మన ఫారం మనం చేసుకోనిచ్చే సీఎంఎస్ కావాలి. అక్కడి నుంచి వెతుకులాట తేలికైంది.

ద్రుపల్ చూశాం. నిజం చెప్పాలంటే ఈ పనికి అది బాగా కుదురుతుంది. రకరకాల గడులతో ఫారాలు చేసుకోవడం, వాటిని మండలం వారీగా, పని వారీగా జాబితాలుగా చూపడం, ఒకే సైటును రెండు మూడు భాషల్లో నడపడం, అన్నీ దాని లోపలే ఉన్నాయి. వేరే ప్లగిన్లు తగిలించనక్కరలేదు. పది రోజులు దానితో కూర్చున్నాం, నచ్చింది కూడా. కానీ పెద్ద వెర్షన్ మారేటప్పుడు తెలిసినవాళ్లు పక్కన ఉండాలి. ద్రుపల్ 7కు 2025 జనవరిలో కాలం తీరింది. దాని మీద ఉన్న సైట్లను కొత్త వెర్షన్‌కు తేవడమంటే దాదాపు మళ్లీ కట్టడమే. మన మండలాల్లో ఆ పని చేసేవాళ్లు మాకు దొరకలేదు. మీలో ఎవరైనా బీటెక్ చేసి, దాన్ని నేర్చుకుని, ఐదేళ్లు సంఘం పని చూస్తామంటే చెప్పండి, మా నిర్ణయం మార్చుకుంటాం. ఉత్తమాట కాదు.

జూమ్లా చూశాం, దాన్ని నేర్పేవాళ్లు దగ్గరలో ఇంకా తక్కువ. నెలనెలా అద్దె కట్టి వాడుకునే సైట్లు కూడా చూశాం. అరగంటలో అందమైన పేజీ వస్తుంది, కానీ అద్దె ఆగితే పేజీ ఆగుతుంది, మొత్తం మూట కట్టుకుని ఇంకోచోటికి పోవడం కష్టం. మొదటి దెబ్బ గుర్తుండి దాన్ని పక్కన పెట్టాం. వాట్సాప్ గ్రూపు చాలదా అని ఒక పెద్దాయన అడిగారు. మంచి ప్రశ్నే. కబురుకు వాట్సాప్ చాలు. కానీ పోయిన నెల ఎవరో పెట్టిన మోటారు మెకానిక్ నంబరు ఇవాళ వెతికితే గుడ్ మార్నింగ్ బొమ్మల కింద పడిపోయి ఉంటుంది.

చివరికి వర్డ్‌ప్రెస్ తీసుకున్నాం. 2003 నుంచి ఉంది, ఉచితం, ప్రపంచంలో 40 శాతం పైన వెబ్‌సైట్లు దాని మీదే నడుస్తున్నాయి. మాకు ఆ 40 శాతం కన్నా ముఖ్యం ఏమిటంటే, ఆదిలాబాద్‌లోనో మంచిర్యాలలోనో ఏ కంప్యూటర్ సెంటర్‌లో అడిగినా దాని పేరు విన్నవాడు ఒకడుంటాడు. తెలుగులో నేర్పే వీడియోలు ఉన్నాయి. ఒక జాగ్రత్త చెప్పాలి. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ అనేది వాళ్లే నడిపే సేవ. వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్ నుంచి దించుకునే సాఫ్ట్‌వేర్ మనం మన హోస్టింగ్‌లో పెట్టుకునేది. పేరొకటే కాబట్టి మేము రెండు రోజులు ఒకదాంట్లో ఉండి రెండోదాని పాఠాలు చదివాం.

అందులో కూడా పెద్ద డైరెక్టరీ ప్లగిన్ పెట్టలేదు. కొన్ని ప్లగిన్లు ఉచితమంటాయి, కానీ మ్యాపుకు ఒక డబ్బు, వెతుకులాటకు ఒక డబ్బు, ఏటేటా లైసెన్సు. పైగా కొన్ని సమాచారాన్ని తమ సొంత టేబుళ్లలో పెడతాయి, ఆ ప్లగిన్ తీసేస్తే దాన్ని బయటికి తెచ్చుకోవడం తలనొప్పి. మేము వర్డ్‌ప్రెస్‌లోనే 'పనివాళ్లు' అని ఒక విభాగం చేసి, గడుల కోసం ఒకే ఒక ప్లగిన్ వాడాం. అడ్వాన్స్‌డ్ కస్టమ్ ఫీల్డ్స్ అని చాలామంది వాడేది. దాని కథ కూడా వినాల్సిందే. 2024 అక్టోబరులో వర్డ్‌ప్రెస్ పెద్దలకు, ఆ ప్లగిన్ యజమాని కంపెనీకి గొడవ వచ్చి, వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్ జాబితాలో దాని చోటును సెక్యూర్ కస్టమ్ ఫీల్డ్స్ అనే పేరుతో వాళ్లే చేతిలోకి తీసుకున్నారు. వాడుతున్నవాళ్ల సమాచారం పోలేదు. కానీ ఎక్కడో అమెరికాలో ఇద్దరు తగువు పడితే మన గూడెం ఫారం పేరు మారుతుంది. ప్లగిన్లు ఎంత తక్కువుంటే అంత నిద్ర పడుతుందని మాకు అప్పుడర్థమైంది.

ఇప్పుడు అన్నిటికన్నా మాకు ఇష్టమైన సంగతి. ప్రతి ఎంట్రీలో పేరు తెలుగులోనూ, గోండిలోనూ ఉండాలని మొదటి నుంచీ పట్టు. గుంజాల ఊళ్లో దొరికిన చేతిరాత ప్రతుల లిపి మనది. 2018లో యూనికోడ్ 11వ వెర్షన్‌లో దానికి చోటు దొరికింది. అంటే ఆ అక్షరాలు ఇప్పుడు బొమ్మలు కావు, తెలుగు అక్షరాల్లాగే టైపు చేసుకునే, వెతుక్కునే అక్షరాలు. మొదటి సైటులో ఒకసారి ప్రయత్నిస్తే సేవ్ నొక్కగానే అక్షరాలన్నీ పోయి ప్రశ్న గుర్తులు వచ్చాయి. మన లిపికి ఇంకా సత్తా లేదేమో అనుకున్నాం. కాదు, లోపం డేటాబేస్‌ది. తెలుగు అక్షరానికి కంప్యూటర్‌లో మూడు బైట్లు చాలు. గుంజాల గోండి అక్షరానికి నాలుగు కావాలి. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో యూటీఎఫ్8 అనే పాత అమరిక మూడు బైట్ల దాకే పట్టుకుంటుంది. నాలుగు పట్టేది యూటీఎఫ్8ఎంబీ4. వర్డ్‌ప్రెస్ 2015లో వచ్చిన 4.2 వెర్షన్ నుంచి, సర్వర్ ఒప్పుకుంటే, ఈ రెండో అమరికనే వాడుతోంది. ఫోన్లలో వచ్చే పసుపు ముఖాల ఎమోజీలకూ నాలుగు బైట్లే కావాలి. నవ్వే ముఖాలను పట్టే అమరికలోనే మన తాతల అక్షరాలకూ చోటు దొరికింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

చాలా ఫోన్లలో మన లిపి ఫాంట్ ఉండదు, ఖాళీ డబ్బాలు కనబడతాయి. దానికి నోటో సాన్స్ గుంజాల గోండి అనే ఉచిత ఫాంట్‌ను సైటుతో పాటే పంపుతున్నాం. మీరు ఏ సీఎంఎస్ చూసినా మొదటి పరీక్ష ఇదే పెట్టండి. ఒక గోండి పేరు టైపు చేయండి, సేవ్ చేయండి, మూసి మళ్లీ తెరవండి. పేరు పేరులా ఉంటే ముందుకు పోండి.

ఎవరు ఎక్కించాలి, ఎవరు ప్రచురించాలి అన్నది సాఫ్ట్‌వేర్ సంగతిలా కనబడుతుంది గానీ మన ఊరి సంగతి. వర్డ్‌ప్రెస్‌లో కంట్రిబ్యూటర్ అనే హోదా ఉంటుంది. అతను రాయగలడు, ప్రచురించలేడు. ఎడిటర్ చూసి ప్రచురించాలి. ఊరికొక కంట్రిబ్యూటర్, మండలానికి ఇద్దరు ఎడిటర్లు అని పెట్టుకున్నాం. చిన్న చిక్కు ఏమిటంటే, మామూలుగా కంట్రిబ్యూటర్‌కు ఫొటో ఎక్కించే వీలుండదు. అందుకే ఫొటోలు వాట్సాప్‌లో పంపితే ఎడిటర్లు పెడుతున్నారు. మొదట ఎవరైనా ఫారం నింపవచ్చని ఒక వారం తెరిచి పెట్టాం. ఆ వారంలో వచ్చినవాటిలో సగం అప్పులిచ్చే యాపులు. ఇంకొకటి వచ్చింది, మన మనిషి పేరు, మన గూడెం చిరునామా, అన్నీ సరిగ్గా ఉన్నాయి. మా ఎడిటర్ పోయి చూస్తే షాపులో కూర్చున్నది వేరే ఆయన. 1/70 చట్టం ఉన్న ప్రాంతంలో బోర్డు ఎవరిదో, గల్లా ఎవరిదో మీకు మేము చెప్పక్కరలేదు. ఆ ఎంట్రీ ప్రచురించలేదు. దాని మీద మాకు ఒత్తిడి వచ్చింది, సంఘంలోనే ఒకరిద్దరు పెట్టేయండి ఏమవుతుంది అన్నారు. అప్పటి నుంచి ఫారంలో ఇంకో గడి చేర్చాం: పోయి చూసినవాళ్లు ఎవరు, ఏ తేదీన. ఆ గడి ఖాళీగా ఉంటే ఎవరు చెప్పినా ప్రచురణ లేదు.

ఫోన్ నంబర్ల గురించి అక్కచెల్లెళ్లు అడిగిన ప్రశ్నకు మా దగ్గర మొదట జవాబు లేదు. పేరు, ఊరు, ఫొటో, నంబరు పక్కపక్కన పెడితే రాత్రి పదకొండుకు ఫోన్ చేసేవాడు ఉంటాడు. ఇప్పుడు సంఘం నంబరో, మహిళా సంఘం నంబరో, భర్తదో, అన్నదో, ఏది పెట్టాలో వాళ్లే చెబుతారు. ఫొటో ఇష్టమైతేనే. అడిగి, సంతకమో వేలిముద్రో తీసుకున్నాకే ఎక్కిస్తున్నాం. 2023లో వచ్చిన వ్యక్తిగత డిజిటల్ డేటా చట్టం కూడా అనుమతి అడగమనే చెబుతోంది. తీసేయమంటే అదే రోజు తీసేస్తాం, ఎందుకని అడగం.

చుక్కల రేటింగు, రివ్యూలు పెట్టలేదు. సిగ్నల్ లేక ఫోన్ ఎత్తని తాతకు పట్నం మనిషి ఒక్క చుక్క ఇచ్చి పోతాడు, ఆ చుక్క తాత చూడనే చూడడు, కానీ అందరూ చూస్తారు. పేజీ బరువు తగ్గించడానికి కదిలే బొమ్మలున్న థీమ్ తీసేశాం. దానితో మొదటి పేజీ తెరవాలంటే గూడెం దాటి రోడ్డు దాకా నడవాల్సి వచ్చేది. వెతికే పెట్టె కూడా వెనక్కి నెట్టాం. ఒకరు టైలర్ అని కొడతారు, ఒకరు దర్జీ అంటారు, ఒకరు మిషన్ అంటారు. ముందు మండలం, తరువాత పని, రెండుసార్లు వేలితో తాకితే జాబితా వచ్చేలా చేశాం.

నిర్ణయం ఖాయం చేసేముందు ఒక పరీక్ష పెట్టాం. ఇరవై ఎంట్రీలు ఎక్కించి, అన్నీ ఒక సీఎస్‌వీ ఫైలుగా, అంటే ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టికగా బయటికి తీశాం. తరువాత సైటును మొత్తం చెరిపేశాం. ఇంకో కంప్యూటర్‌లో కొత్తగా పెట్టి ఆ పట్టిక నుంచి మళ్లీ నింపాం. మొదటి ప్రయత్నంలో గోండి పేర్లు గందరగోళమయ్యాయి, ఫైలు యూనికోడ్‌లో సేవ్ చేయలేదు. రెండోసారి సరిపోయింది. ఇరవై మందీ తిరిగొచ్చారు. చెరిపేసే బటన్ నొక్కేటప్పుడు మాలో ఒకరి చెయ్యి ఆడలేదు, ఇంకొకరు నొక్కాల్సి వచ్చింది. కానీ ఆ రోజు తరువాతే ధైర్యం వచ్చింది.

ఇప్పుడు డొమైన్ సంఘం పేరు మీద ఉంది. పాస్‌వర్డులు అధ్యక్షుడు, కోశాధికారి, మహిళా విభాగం ముగ్గురి దగ్గరా ఉన్నాయి. నెలకోసారి ఆ పట్టిక ముగ్గురి మెయిళ్లకు పోతుంది. అదే పట్టిక నుంచి ఏడాదికోసారి కాగితాలు ముద్రించి జాతర దగ్గర, సంతల దగ్గర అతికిస్తున్నాం. నెట్ లేనివాళ్లకు గోడే వెబ్‌సైటు. తడిసిన నోటుబుక్కు కూడా పారేయలేదు, ఇనుప పెట్టెలో ఉంది.

కొలాం గూడేలు చాలావరకు మిగిలే ఉన్నాయి. మేము గోండివాళ్లం పోయి రాసుకొచ్చేకన్నా కొలాం తమ్ముళ్లు, చెల్లెళ్లు కంట్రిబ్యూటర్లుగా రావాలి. కొలామి పేర్లు తెలుగు లిపిలో ఎలా రాయాలో వాళ్లే చెప్పాలి. సభ అయ్యాక బయట టేబుల్ దగ్గర మేము కూర్చుంటాం, ఫోన్ తెచ్చుకుంటే అక్కడే ఖాతా తెరిచి ఇస్తాం, అరగంట పని.

గోండి పేరు గడి ఇంకా చాలా ఎంట్రీల్లో ఖాళీగా ఉంది. గుంజాల లిపి బాగా వచ్చినవాళ్లు ఇక్కడ ఉన్నారని తెలుసు. ఇప్ప లడ్డూ అక్క పేరు మేమే రాసి చార్టు మీద పెట్టాం. రెండో అక్షరం దగ్గర మాలో మాకే తగువుంది. ఆమె కూడా ఇక్కడికి వచ్చింది. ప్రచురించకముందు ఒకసారి చూసి చెప్పండి.